సీసాలో గంగ

పోయిన వారం ప్రాంత్ సాహెబ్ చేతికి కవరు ఇచ్చి కథ ఆపేశాను. నన్ను తిట్టుకున్నవాళ్లు తిట్టుకునే ఉంటారు. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పి ఆ కవరు చింపిస్తాను.

ధర్మాబాద్‌కు కొద్ది దూరంలో గోదావరి ఒడ్డున రేవుపల్లి అని ఒక ఊరు. ఆ ఊళ్లో ఎవరూ గోదావరి అనరు, గంగ అంటారు. ఎగువన సారాయి కార్ఖానా పెట్టి మూడేళ్లయింది. దాని మురికినీళ్ల మోరీ గంగలో కలిసినప్పటి నుంచి చేపలు చచ్చి తేలుతున్నాయి. గొడ్లు రేవుకు వచ్చి మొహం తిప్పుకుని పోతున్నాయి. ఇసుకలో పెట్టిన కర్బూజ పాదులు మాడిపోతున్నాయి. ఆ ఊరి బడిలో చదువు చెప్పే ఇందుబాయి కమిటీ పెట్టింది. పద్నాలుగు ఊళ్లు తిరిగి రెండు వేల వేలిముద్రలు, సంతకాలు పోగు చేసింది. నాందేడ్ బజారులో ఆడవాళ్ల నెత్తిన ఖాళీ బిందెలు పెట్టించి ఊరేగింపు తీసింది. రెండేళ్లు తిరిగితే కచేరీ వాళ్లు దిగివచ్చారు. నది నీళ్లు రెండు సీసాలు పట్టి పంపండి, పరీక్ష చేయిస్తాం, చెడ్డవని తేలితే మోరీ మూయిస్తాం అన్నారు. సీసాలు వెళ్లాయి. మూడు వారాలకు ప్రయోగశాల నుంచి జవాబు వచ్చింది. కవరులో ఉన్నది అదే.

ఏప్రిల్ ఎండ. పదకొండు గంటలకే కచేరీ గదిలో పంకా వేడిగాలి తిప్పుతోంది. ప్రాంత్ సాహెబ్ బోర్గావ్కర్ గారు, అంటే మన వైపు సబ్ కలెక్టరు లాంటి వారు, కళ్లద్దాలు సవరించుకుని కాగితం చదివారు. ఒకసారి కాదు, రెండుసార్లు. బల్లకు ఈ పక్క నిలబడ్డ ఇందుబాయి కొంగు అంచును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్లీ చుట్టుకుంటోంది.

"బాయీ," అన్నారాయన మరాఠీలో. లోపలి మాటలన్నీ మరాఠీలోనే నడిచాయి, మన సౌకర్యం కోసం తెలుగులో రాస్తున్నాను. "ఈ నీళ్లకు రంగు లేదు. వాసన లేదు. తాగడానికి భేషుగ్గా పనికొస్తాయని రాశారు."

ఇందుబాయికి మాటలు వినబడ్డాయి గాని అర్థం తలకెక్కలేదు. "రెండు సీసాలూనా సాహెబ్?"

"రెండూ."

గుమ్మంలో కిక్కిరిసి నిలబడ్డ రేవుపల్లి వాళ్లు ఒక్కసారిగా గోల చేశారు. "సీసాలు మార్చిండ్రు! కార్ఖానోళ్లు మార్చిండ్రు!" అని ఎవరో అరిచారు. కచేరీ జవాను వెంకటి, అంటే బంట్రోతు, వాళ్లను వెనక్కి నెట్టాడు. సీసాలను తపాలు గదిలోంచి తీసి రైలెక్కించింది ఆ వెంకటే. అరిచినవాళ్ల కళ్లు ఇప్పుడు అతని మీదే ఉన్నాయి. పాపం, అతని మొహం పాలిపోయింది.

కార్ఖానా తరఫు వకీలు శంకర్రావు కుర్చీలోంచి తాపీగా లేచాడు. దెగ్లూర్ మనిషి, ఇంట్లో తెలుగే. కచేరీలో మాత్రం మరాఠీ తప్ప మాట్లాడడు. గొంతు ఎన్నడూ పెంచడు. అలాంటి వాళ్లను చూస్తే నాకు భయం.

"సాహెబ్, సీసాల మీది లక్క ముద్రలు చెక్కుచెదరలేదని కూడా ఆ కాగితంలోనే రాశారు. బాయిగారిని ఒక్క సంగతి అడుగుతాను. సీసాకు అంటించిన చీటీలో ఇలా ఉంది. '1979 మార్చి 17న నది నడిధారలో, నా సమక్షంలో నింపినవి.' కింద సంతకం మీదే కదా?"

"నాదే."

"నడిధారలోనే నింపారా?"

అవును అంటే ఒక్క మాటతో అయిపోయేది. ఆ ఒక్క మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఎందుకు ఆగిందో ప్రాంత్ సాహెబ్‌కు అర్థం కాలేదు గాని, ఏదో ఉందని మాత్రం పసిగట్టారు. గడియారం చూసుకున్నారు.

"మూడు గంటలకు మళ్లీ కూర్చుందాం. జవాబు ఆలోచించుకుని రండి. నీళ్లు మంచివైతే ఈ అర్జీ ఇవాళే కొట్టేస్తాను. కొట్టేసిన అర్జీని మళ్లీ తీసుకోను, అదీ గుర్తుంచుకోండి."

ఇందుబాయి వసారాలోకి వచ్చింది. అక్కడ గోడ నీడన ఆమె అత్త సంగవ్వ, కర్బూజ రైతు ముత్తన్న కూర్చుని ఉన్నారు. సంగవ్వ జొన్నరొట్టెల మూట విప్పి కోడలి వాటా వేరుగా తీసి పెట్టింది. అరవై అయిదేళ్ల మనిషి. చిన్నప్పటి నుంచి గంగ ఒడ్డునే ఉంది, రోజూ పొద్దున గంగకు దండం పెట్టనిదే నోట్లో మెతుకు పెట్టదు. కోడలిని చూడగానే ఆమె మొహం విప్పారింది.

"ఏమన్నడే సాబ్? మన నీళ్లు మంచిగున్నయన్నడా?"

ఆ అడిగిన తీరులోనే ఇందుబాయికి అనుమానం తగిలింది. ఆమె అక్కడే నేల మీద కూలబడింది.

"అత్తా, ఆ దినం నీళ్లు యాడ పట్టినవు?"

"గంగల్నే."

"గంగల యాడ? ధారల పట్టుమని చెప్పిన గద."

"ధారలెట్ల పడ్తనే? గా కంపు నీళ్లు సర్కారింటికి పంపుతరా ఎవలన్న?" సంగవ్వ రొట్టె విరిచి కోడలి చేతిలో పెట్టింది. "ధారకు దూరం పోయి ఇసుకల చెలిమె తోడిన. మొదలు ఊరిన నీళ్లు పారవోసిన. మల్ల ఊరినంక కొత్త ధోతి నాలుగు మడతలేసి వడగట్టిన. నీళ్లు తేటపడనీకి కుండల చిల్లగింజ అరగదీసి రాత్రంత కదల్చకుంట పెట్టిన. తెల్లారి మీది తేట ఒక్కటే వంచి సీసాల్ల పోసిన. నీళ్లంటె గవి నీళ్లు. అద్దమసుంటియి."

ముత్తన్న తల వంచుకుని నేల వైపు చూస్తున్నాడు. సీసాలు మోసుకుని ధర్మాబాద్ వచ్చినవాడు అతనే.

"నీకు ఎరికేనా ముత్తన్నా?"

"ఎరికే," అన్నాడతను. "పెద్దమనిషి చేస్తుంటె నేనేం చెప్తనమ్మా? మా ఇండ్లల్ల ఎవలకన్న గంగనీళ్లు పంపాల్నంటె గట్లనే పంపుతం. నాకూ అది తప్పనిపియ్యలె."

అతను చెప్పింది నిజమే. ఆ ఊళ్లో ఎవరింట్లో శుభకార్యమైనా, దూరాన ఉన్న చుట్టం జబ్బుపడ్డా, గంగనీళ్లు అడిగితే అలాగే చేసి పంపుతారు. మురికి నీళ్లు పంపితే ఊరి పరువు పోతుంది. సంగవ్వ తన జన్మలో ఎన్ని చెంబులు అలా తేట చేసి పంపిందో లెక్కలేదు. చెప్పిన పని చెయ్యకపోవడం కాదు, ఎక్కువ శ్రద్ధగా చేసింది. ఇందుబాయికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరి మీద కోపపడాలో తెలియలేదు.

"అత్తా, మన నీళ్లు ఎంత ఖరాబున్నయో సూపెట్టనీకి అడిగిండ్రు వాళ్లు. మురికి నీళ్లే కావాలె. నువ్వు తేట నీళ్లు పంపినవు. ఇప్పుడు గంగ మంచిగనే ఉన్నదని రాసిండ్రు. మోరీ ముయ్యరు. రెండేండ్ల తిరుగుడు గంగపాలైంది."

సంగవ్వ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమైన తరువాత కూడా ఆమె మొండికేసింది.

"పిల్లను సూడొస్తుండ్రంటె మొకం కడిగి కూసుండవెట్టమా? జరమొచ్చిన పిల్లనైనా సరే. మన గంగను పదిమంది ముంగట కంపుగ నిలవెట్టుడు నాతోని కాదు బిడ్డా. నా చేతులు రావు."

ముత్తన్న దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "ఇందమ్మా, మనోళ్లు అన్నరు సూడు, సీసాలు మార్చిండ్రని. గదే మాట మీదుందాం. ఎవలు కాదంటరు? నలభై మందిమి గవాయి చెప్తం."

"మార్చిందెవలంటె ఎవలి పేరు చెప్తవు? వెంకటి పేరా? ఆయనకు నౌకరి పోతది."

అలా అన్నదే గాని ఇందుబాయి ఆ మాటను వెంటనే తోసెయ్యలేకపోయింది. నేను ఆమెను దేవతను చేసి రాయలేను. రెండు నిమిషాలు ఆ అబద్ధాన్ని మనసులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అది చెబితే గంగ బతుకుతుంది. వెంకటికి ఎవరో మరో నౌకరి చూస్తారులే అని కూడా అనుకుంది. ఇంతలో ఆ వెంకటే చెంబుతో మంచినీళ్లు తెచ్చి సంగవ్వ ముందు పెట్టి, "తాగు అవ్వా, ఎండ మస్తుగున్నది," అని వెళ్లిపోయాడు. ఇందుబాయి ఆ చెంబు వైపు చూడలేకపోయింది.

శంకర్రావు సిగరెట్టు ఆర్పి వాళ్ల వైపు వచ్చాడు. గది బయట కదా, ఇక్కడ తెలుగు వచ్చింది.

"బాయీ, మనం మనం ఒక్క తావు మనుషులం. ఒక మాట చెప్త, ఇనుండ్రి. మార్చి పదిహేడు నాడు మీరు ధర్మాబాద్‌ల పరీక్ష డ్యూటీ మీదున్నరు. పొద్దుగాల పది నుంచి రెండింటి దాక. హాజరు కాగితం నకలు నా తాన ఉన్నది." అతను జేబు తట్టి చూపించాడు, కాగితం తియ్యలేదు. "నా సమక్షంలో అని సంతకం పెట్టిండ్రు. సర్కారు నౌకర్లు దొంగ సంతకం పెడితె ఏమైతదో మీకు చెప్పాల్నా? అర్జీ వాపసు తీసుకోండ్రి. నేను గా కాగితం తియ్య. మూడు గంటల దాక టైమున్నది."

అతను వెళ్లిపోయాడు. అతను చెప్పింది అక్షరాలా నిజం. ముత్తన్న పరీక్ష హాలు దగ్గరికి సీసాలు తెచ్చినప్పుడు గంట కొడుతున్నారు. ఆమె చీటీ రాసి, గోడ మీద ఆన్చి సంతకం గీకి లోపలికి పరిగెత్తింది. అత్త పట్టిన నీళ్లే కదా, అనుమానం ఎందుకు అనుకుంది. సీసాను వెలుతురుకు ఎత్తి చూసినా అప్పుడే తెలిసిపోయేది. చూడలేదు. పిల్లలకు రోజూ చెప్పే మాట, రాసింది ఒకసారి సరిచూసుకోండి అని, తను పాటించలేదు.

"ఏమంటున్నడు వాడు?" అని అడిగింది సంగవ్వ.

"అర్జీ వాపసు తీసుకుంటె నా నౌకరి ఉంటదంట."

"తీసుకోకుంటె?"

"పోవచ్చు."

సంగవ్వ రొట్టెల మూట మళ్లీ కట్టేసింది. ఎవరూ తినలేదు.

మూడు గంటలకు ఇందుబాయి బల్ల ముందు నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది. నోరు తెరిచేలోపలే వెనక నుంచి సంగవ్వ గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది. వెంకటి ఆపబోతే చెయ్యి విదిలించుకుంది.

"సాబ్, తప్పు నాది. పిల్లది చెప్పింది ఒకటి, నేను చేసింది ఒకటి. ధార నీళ్లు కావవి. చెలిమె నీళ్లు. వడగట్టి తేట వంచిన. ఎవ్వలు మార్చలె. నీ జవాను మంచోడు."

ప్రాంత్ సాహెబ్‌కు తెలుగు రాదు. ఇందుబాయి మరాఠీలో మాటకు మాట చెప్పింది. చివరన తన మాట కలిపింది. "సాహెబ్, సంతకం పెట్టినప్పుడు నేను నది దగ్గర లేను. ధర్మాబాద్‌లో ఉన్నాను. చూడకుండా చూశానని రాశాను. ఆ తప్పు నాది, మా అత్తది కాదు."

శంకర్రావు జేబు మీదికి వెళ్లిన చెయ్యి కిందికి దించాడు. ఆ కాగితం ఇక ఎందుకూ పనికిరాదు. నాకు ఆ ఒక్క క్షణం మాత్రం చాలా సంతోషం వేసింది.

బోర్గావ్కర్ గారు కలం తీసి ఏదో చాలాసేపు రాశారు. ముసలామె వైపు ఒకసారి, పంతులమ్మ వైపు ఒకసారి చూశారు.

"బాయీ, మీరు చెప్పింది రాసుకున్నాను. మీ పై అధికారికి రాయక తప్పదు. అర్జీని ఇవాళ కొట్టెయ్యను. ఎల్లుండి పొద్దున ఏడు గంటలకు నేనే రేవుపల్లికి వస్తాను. నడిధారలో నా చేత్తో సీసా నింపుతాను. పరీక్షలో నీళ్లు చెడ్డవని తేలితే ఆ రోజే మోరీకి తాళం. మంచివైతే అర్జీతో పాటు మీ నౌకరి సంగతి కూడా తేల్చేస్తాను. రెండు పక్షాల వాళ్లకూ ఇదే నోటీసు."

రేవుపల్లి వాళ్లు దండాలు పెట్టారు. ముత్తన్న తలపాగా తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఇందుబాయి కూడా ఊపిరి పీల్చుకునేదే. అంతలో శంకర్రావు వినయంగా లేచి, "సాహెబ్, ఒక్క టెలిఫోను చేసుకోవచ్చా?" అని అడిగాడు. అప్పుడు ఆమెకు సంగతి తట్టింది.

పక్కగదిలో టెలిఫోను తిప్పిన చప్పుడు వినిపించింది. తరువాత శంకర్రావు గొంతు, ఎప్పటిలాగే నెమ్మదిగా. "అవును, ఇవాళే. ఇప్పుడే. ఎల్లుండి మధ్యాహ్నం దాకా చుక్క బయటికి రాకూడదు."

వసారాలోకి వచ్చాక ముత్తన్న నెత్తి కొట్టుకున్నాడు. "మోరీ గేటు మూస్తుండ్రు. నిరుడు పెద్ద సాబులెవలో సూడొచ్చిననాడు గిట్లనే మూసిండ్రు. రెండు దినాలకు ధార తెల్లగయింది. వాళ్లు అటు పోంగనే మల్ల ఇడిసిండ్రు. ఎల్లుండి పొద్దుగాల సాబు సీసాల ఏముంటది ఇందమ్మా? మంచినీళ్లే ఉంటయి."

ఇందుబాయి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. రెండు చేతులూ వాటంతట అవే జోడించుకున్నాయి. పెదవులు కదులుతున్నాయి.

"ఏమని మొక్కుతున్నవు బిడ్డా?" అంది సంగవ్వ.

"ఎల్లుండి దాక గంగ మురికిగనే ఉండాల్నని."

సంగవ్వ చటుక్కున కోడలి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "అనద్దు. గంగను గట్ల అనద్దు." కొంతసేపటికి చెయ్యి తీసింది. కొంగుతో మొహం తుడుచుకుంది. ముత్తన్న వైపు ఒకసారి చూసి గొంతు బాగా తగ్గించింది.

"మొక్కే పని లేదే. వాళ్లు గేటు మూసినా మురికి పోదు. ధారల ఉన్నదే మురికి అనుకుంటుండ్రు మీరు. అది ఇసుకకు దిగింది."

"ఏందత్తా?"

"ఆ దినం నేను ఒక్క చెలిమె తోడలె. నాలుగు తోడిన. మొదటి మూడింట్ల నీళ్లు చాయ్ రంగుల ఊరినయి. వాసన పట్టి చూసిన, గదే కంపు. ఆఖరుకు గట్టు కిందికంటా పోయి తోడితె నాలుగోది తేటగచ్చింది. గవే నీళ్లు పంపిన." సంగవ్వ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం మానేసింది. "మూడింటి మీద ఇసుక కప్పి ఇంటికచ్చిన. ఎవ్వలికి చెప్పలె. గంగ పరువు పోతదని చెప్పలె."

ముత్తన్న నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఎండాకాలం రేవుపల్లి అంతా తాగేది చెలిమె నీళ్లే. ఊళ్లో బావి ఎండి రెండు నెలలైంది.

"ఆ మూడు యాడియి అత్తా?" ఇందుబాయి అత్త భుజాలు పట్టుకుంది. "ఎవలు తోడుకునే జాగలవి?"

"ఒకటి రేవు కాడిది. ఒకటి ముత్తన్న తోట కాడిది."

"మూడోది?"

సంగవ్వ కోడలి మొహం వైపు చూడలేక తల పక్కకు తిప్పుకుంది.

"మూడోది చెప్పు అత్తా."

"బడి పోరగాండ్లది," అంది సంగవ్వ. "నేను కప్పిన బిడ్డా. మల్ల తవ్వుకుండ్రో ఏమో."

వారం రోజులుగా ఇందుబాయి బడికి పదకొండు మంది పిల్లలు రావడం లేదు. పెళ్లిళ్ల రోజులు కదా, చుట్టాల ఊళ్లకు పోయి ఉంటారనుకుని ఆమె ఒక్క ఇంటికి కూడా వెళ్లి అడగలేదు.